ఏరుమద్ది చుట్టుకొలత

దసరా వెళ్లాక ఖారున్ నదిలో నీళ్లు దిగుతాయి. ఆ తర్వాత వచ్చే ఏదో ఒక ఆదివారం, చర్చిలో ఆరాధన అయ్యీ అవగానే మా నాన్న నా స్కూటీ వెనక ఎక్కి కూర్చుంటాడు. ఒళ్లో ఒక సంచి. సంచిలో మంచినీళ్ల సీసా, రెండు అరటిపళ్లు, మైనం పట్టించిన పురికొస ఉండ. కుమ్హారి దాకా హైవే మీద లారీల మధ్య నాకు బండి నడపడం నేర్పుతూనే ఉంటాడు. జన్మలో స్కూటరు తోలని మనిషి. రెండుసార్లు ఊరుకుంటాను. మూడోసారి బండి పక్కకి ఆపి, "నువ్వు తోలతావా?" అంటాను. ఇక కుమ్హారి వచ్చేదాకా నోరు తెరవడు. ఏటా ఇదే వరస.

మేం వెళ్లేది ఒక చెట్టు చుట్టుకొలత తియ్యడానికి. ఏరుమద్ది చెట్టు. ఇక్కడివాళ్లు కౌహా అంటారు. కుమ్హారి దాటాక మెయిన్ రోడ్డు వదిలేసి, ఇటుక బట్టీల పక్కనుంచి వెళ్తే నది ఒడ్డున ఒక అడవి ముక్క వస్తుంది. పెద్ద అడవేం కాదు. దారంటూ ఉంటే ఆ కొస నుంచి ఈ కొసకి అరగంటలో నడిచెయ్యచ్చు. దారి లేదు కాబట్టి ఇప్పుడు ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలీదు.

ఒకప్పుడు ఉండేది, లారీ పట్టేంత దారి. అక్కడ కర్ర కొట్టేవారు. మా నాన్న మొదటిసారి ఆ లారీ ఎక్కే వెళ్లాడు.

ఆయన ప్లాంటులో పేటర్న్ షాపు వడ్రంగి. స్టీలు ప్లాంటులో వడ్రంగికి ఏం పని అని శ్రీకాకుళం వైపు మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. ఇనుప సామాను పోత పొయ్యాలంటే ముందు అదే సామాను చెక్కతో చెయ్యాలి. ఆ చెక్క నమూనాని ఇసకలో అదిమి తీసేస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఉక్కు పోస్తారు. పళ్ల చక్రమైనా పంపు మూతైనా ముందు మా నాన్న చేతిలో టేకు చెక్కగా పుట్టాల్సిందే. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ 2లో మా చుట్టుపక్కల నాన్నలందరి దగ్గరా గ్రీజు వాసన వచ్చేది, మా నాన్న దగ్గర రంపపు పొట్టు వాసన. చిన్నప్పుడు నాకది చాలా గొప్పగా ఉండేది.

ఆ పనిలో ఒక తిరకాసు ఉంది. కరిగిన ఉక్కు చల్లారేటప్పుడు కుదించుకుపోతుంది. అందుకని నమూనాని కావలసిన దానికంటే కొంచెం పెద్దదిగా చెయ్యాలి. ప్రతి ముక్కకీ లెక్క వేసుకుంటూ కూర్చుంటే పని సాగదు కాబట్టి, స్కేలునే కొంచెం పెద్దదిగా చేసి ఇస్తారు. ష్రింకేజ్ స్కేలు అంటారు దాన్ని. చూడ్డానికి మామూలు స్టీలు స్కేలే. దాని మీద మీటరు అంటే నిజానికి మీటరు మీద రెండు సెంటీమీటర్లు ఎక్కువ. షాపులో దాని మాటే చెల్లుతుంది. గేటు దాటి బయటికొస్తే అది ఒట్టి అబద్ధాలకోరు.

మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు, బీరువా పుణ్యమా అని. మా క్వార్టర్లో గోడకి ఒక ఖాళీ ఉండేది. అందులో పట్టేలా చెక్క బీరువా చెయ్యమంది అమ్మ. నాన్న ఖాళీని మామూలు టేపుతో కొలిచాడు. చెక్కని మాత్రం అలవాటు కొద్దీ షాపు స్కేలుతో కోశాడు. బీరువా ఎంత అందంగా వచ్చిందో చెప్పలేను. గోడలో పట్టలేదు. రెండు వేళ్లు పెద్దది. "ఇంటికి కావాల్సిన బీరువా సెయ్యమంటే, సల్లారినాక సరిపోయే బీరువా సేసినాడు మీ నాన్న" అని అమ్మ ఆ రోజు అంది. ఆ తర్వాత వచ్చినవాళ్లందరితోనూ అంది. బీరువా ఏళ్ల తరబడి నడవాలోనే నిలబడింది. వచ్చేపోయే వాళ్లందరి భుజాలూ దానికి తగిలేవి.

ఇక చెట్టు సంగతి. ప్లాంటులో పెద్ద పెద్ద రోలర్లని నేల మీద దించేటప్పుడు కింద గట్టి కర్ర దిమ్మెలు పెడతారు. ఆ కర్ర బాగుందో లేదో చూడ్డానికి ఒక కాంట్రాక్టరు నాన్నని ఆ నది ఒడ్డుకి తీసుకెళ్లాడు. నచ్చిన చెట్టుకి నాన్న సున్నం గీత పెట్టాలి. అన్నిటికంటే పెద్దది ఆ ఏరుమద్ది. సరిగ్గా ఒడ్డు మీద, సగం వేళ్లు నీళ్ల వైపు దిగి ఉంది. లోపల పుచ్చు ఉందేమో చూడాలి. కూలీ చేత గాటు పెట్టించచ్చు. కర్ర దగ్గర నాన్న ఇంకొకరి చేతిని నమ్మడు. గొడ్డలి తనే తీసుకుని, మణికట్టు దాకా చెయ్యి పట్టేంత గాటు పెట్టి, లోపల తడిమి చూసి, మంచి కర్ర అని సున్నం గీత గీసి వచ్చేశాడు.

ఆ చెట్టు వంతు రాకముందే కొట్టుడు ఆగిపోయింది. ఒడ్డు కోసుకుపోతోందనీ, అక్కడ ఇక కర్ర కొట్టకూడదనీ ఆర్డరొచ్చింది. కొట్టొద్దు, నాటొద్దు, పడింది ఎత్తుకెళ్లొద్దు, దాని మానాన దాన్ని పెరగనివ్వండి అన్నారట. అప్పటికే కొట్టిన దుంగల్ని కూడా ఎక్కడివక్కడ వదిలేసి లారీలు వెళ్లిపోయాయి.

ఇదంతా నాన్న రిటైరయ్యేదాకా మాకు చెప్పలేదు. రిటైరయిన కొత్తలో ఒక సాయంత్రం, నేను స్కూలు పిల్లల కాపీలు దిద్దుకుంటుంటే పక్కనొచ్చి కూర్చున్నాడు. "ఒక సెట్టుని సగం కొట్టి ఒగ్గేసి వచ్చానమ్మా" అన్నాడు. "కొట్టేస్తే కొట్టేసినట్టు. కొట్టకపోతే కొట్టనట్టు. ఇది రెండూ కాదు. నన్నోపాలి అక్కడికి తీసుకెల్లు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూసి నేను పెన్ను కింద పెట్టేశాను.

అక్కడ కాపలాకి ఒక దీదీ ఉంది. ఫారెస్టు గార్డు, కుమ్హారి పక్క పల్లెటూరిది, నా ఈడు మనిషి. నాన్న ఆమెని బేటీ అంటాడు, ఆమె నాన్నని కాకా అంటుంది. మొదటిసారి లోపలికి రానివ్వలేదు. నాన్న గాటు కథంతా తన హిందీలో చెప్పుకున్నాడు. ఆయన హిందీలో వస్తువుల పేర్లే హిందీ, మిగతాదంతా శ్రీకాకుళం. ఆమె ఓపిగ్గా విని, ఏడాదికి ఒక్కసారి, తన వెంటే, కొమ్మా రెమ్మా ముట్టుకోకుండా అయితే రమ్మంది. "ఇక్కడ నా డ్యూటీ ఏమిటో తెలుసా కాకా? ఎవరినీ ఏమీ చెయ్యనివ్వకపోవడం. నన్ను కూడా" అని నవ్వింది. నాన్న ఆ డ్యూటీ గురించి ఇంటికొచ్చే దారంతా ఆలోచించాడు. "దీనికి జీతం ఇస్తారేటి?" అని అడిగాడు నన్ను.

షాపులో పొట్టు కూడా నేల మీద ఉండనివ్వని మనిషికి ఆ అడవి పెద్ద శిక్ష. మొదటి ఏడు ఆ దుంగలు చూసి, "ఎన్ని దిమ్మెలొస్తాయే దీంట్లో!" అని గుండె బాదుకున్నాడు. రెండో ఏడు వాటి నిండా పుట్టగొడుగులు. ఆ తర్వాత బెరడు ఊడిపోయి లోపల చీమలు, జెర్రులు, ఒక తొండ కాపురం. ఓ ఏడు వెళ్లేసరికి దుంగ నడుం మీద నేరేడు మొక్క నిలబడి ఉంది, ఎవరో కుండీలో పెట్టినట్టు. నాన్న దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. "పాడైపోతందనుకున్నాను కదే దీన్ని" అన్నాడు. ఆయన గొంతులో మొదటిసారి అడవి మీద కోపం లేదు.

కొట్టేసిన మొద్దుల చుట్టూ పిలకలు గుంపులు గుంపులుగా లేచి మనిషి ఎత్తు దాటిపోయాయి. నాన్న లెక్కలో ఒక మొద్దుకి ఒక పిలకే ఉండాలి, తక్కినవి కోసేస్తే అది నిటారుగా వస్తుంది. చాకు కోసం జేబు తడుముకునేవాడు. ముందు నడుస్తున్న దీదీ వెనక్కి తిరక్కుండానే "రహన్ దే, కాకా" అనేది, ఉండనియ్యి అని. ఒక ఏడు వరదకి కానుగ చెట్టొకటి నదిలోకి ఒరిగిపోయింది. దాన్ని రెండు ఇనప యాంగిళ్లతో నిలబెట్టడానికి నాన్న ప్లాను గీసి పట్టుకొచ్చాడు, కొలతలతో సహా. దీదీ ఆ కాగితం చూసి, చాలా బాగుంది కాకా అని మడిచి జేబులో పెట్టేసుకుంది. మరుసటి ఏడు ఆ కానుగ కొమ్మల మీద లకుముకి పిట్టలు వరసగా కూర్చుని నీళ్లలోకి చూస్తున్నాయి. ఒకటి దూకి చేపతో పైకొచ్చింది. నాన్న నోరెళ్లబెట్టి చూశాడు. ప్లాను మాట మళ్లీ ఎత్తలేదు.

ఏరుమద్ది దగ్గర మాత్రం ఆయన వేరే మనిషి. గాటు నది వైపు ఉంది. ఆ వైపు ఆయన వెళ్లడు. ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఇటువైపు నిలబడి, తన చొక్కా రెండో బొత్తాం ఎత్తున పురికొస కొస నొక్కి పట్టుకుంటాడు. నేను వేళ్ల మీద అడుగులు చూసుకుంటూ చెట్టు చుట్టూ తిరిగి రెండో కొస అందిస్తాను. బిగువుగా లాగి, కలిసిన చోట పురికొస కత్తిరిస్తాడు. ఇంటికొచ్చాక నేల మీద పరిచి, టేపుతో కొలిచి, ఆ అంకె మా బైబిలు చివరి ఖాళీ కాగితం మీద రాస్తాడు. ఆ కాగితం మీద నా పుట్టిన తేదీ, నా బాప్తిస్మం తేదీ ఉన్నాయి. వాటి కింద చెట్టు.

ఏటా బొటనవేలి వెడల్పంత పెరిగేది. ఆ రోజు నాన్న రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. పని అయిపోయిన పురికొసని అమ్మ చుట్ట చుట్టి దాచేది. మా అమ్మ తాడన్నది పారెయ్యదు.

కిందటి వేసవిలో సెక్టర్ 2 క్వార్టరు ఖాళీ చేసి, కోహ్కాలో కట్టుకున్న మూడు గదుల ఇంట్లోకి మారాం. అమ్మ మేస్త్రీ పక్కనే నిలబడి గోడలో ఖాళీని రెండు వేళ్లు పెద్దదిగా కట్టించింది. అన్నేళ్లకి బీరువా గోడలో కూర్చుంది. ఆ హడావిడిలో టేపు ఎక్కడో పోయింది. నాన్నకి ఒక కంట్లో శుక్లం తీశారు, రెండో కంట్లో ఇంకా తియ్యలేదు. అంకెలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయన్నాడు. అందుకని దసరా తర్వాత తెచ్చిన పురికొసని ఈసారి నేను కొలిచాను. టేపు కోసం వెతికి వెతికి, విసుగొచ్చి, ఆయన పనిముట్ల పెట్టెలోంచి ఒక స్టీలు స్కేలు తీశాను.

ఆ స్కేలేమిటో ఇది చదువుతున్న మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. నాకు తట్టలేదు. బీరువా కథ పుట్టినప్పటి నుంచీ వింటున్నాను, స్కూల్లో పిల్లలకి లెక్కలు చెబుతాను, అయినా నాకు తట్టలేదు. సరిగ్గా మూడు మీటర్లు వచ్చింది. బైబిల్లో నిరుడు రాసిన అంకె దానికంటే నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. మళ్లీ కొలిచాను. మూడోసారి కూడా అంతే.

"ఎంత?" అన్నాడు నాన్న.

చెప్పాను. అబద్ధం చెప్పి ఉండాల్సింది, కానీ నాకు అబద్ధాలు అతకవు.

ఆ అంకె ఆయన బైబిల్లో రాయలేదు. బైబిలు మూసేసి, "పెరక్కపోతే ముసిల్దైపోనాదనుకోవచ్చు. తగ్గిందంటే లోపల పుచ్చిపోతన్నాది. నా గొడ్డలి ఎల్లిన దారమ్మట నీరు ఎల్లింది" అన్నాడు. నేను దీదీకి ఫోన్ చేశాను. చెట్టు బాగానే ఉంది, ఆకు పచ్చగా ఉంది, ఈ చెట్టు బెరడు పెచ్చులు రాలుస్తుంది, దానివల్ల తేడా వచ్చుంటుంది అందామె. నాన్న తల అడ్డంగా ఊపాడు. "నాలుగు సెంటీమీటర్ల బెరడేటి? ఆకు ఆఖర్న సెప్తాది. కొలత ముందు సెప్తాది." బతుకంతా కంటి మాట కాక స్కేలు మాట విన్న మనిషి. ఆయనతో నేనేం వాదిస్తాను?

ఆ రెండు నెలలు మా ఇల్లు ఇల్లులా లేదు. నాన్న తిండి తగ్గించేశాడు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో చుట్టాలూ ఇరుగుపొరుగూ అందరూ అయ్యాక, "ప్రభువా, ఏటి ఒడ్డునున్న ఆ సెట్టుని కూడా" అనేవాడు. అమ్మ ఒక కన్ను తెరిచి నా వైపు చూసేది. "సెట్టుకి ప్రార్థనేటి?" అని మొదటి రోజు వంటింట్లో గునిసింది గానీ, తర్వాత ఆయన మర్చిపోయిన రోజున తనే గుర్తు చేసింది.

బుధవారం కూడికలో ప్రార్థన మనవులు అడుగుతారు. నాన్న లేచి నిలబడి, "నా సేతి దెబ్బ తిని, ఇన్నేళ్లూ ఓర్సుకుని, ఇప్పుడు లోలోపల సచ్చిపోతన్న ఒక ప్రాణం ఉంది. దాని కోసం ప్రార్థన సెయ్యండి" అని కూర్చున్నాడు. ఇంకో మాట చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే చర్చి ఆడవాళ్లు ఇద్దరు కమలాపళ్లు పట్టుకుని మా ఇంటికొచ్చారు. అమ్మని గదిలోకి తీసుకెళ్లి తలుపేసి, ఆమె చేతులు తిప్పి తిప్పి చూశారట. సంగతి అర్థమయ్యాక అమ్మ నవ్వు వీధిలోకి వినిపించింది. "ఈయన నన్ను కొట్టడమా? కొలత తీసుకోడానికే వారం పడతాది!" అంటోంది. నాన్న వరండాలో కూర్చుని అంతా విన్నాడు. ఆయనకి నవ్వు రాలేదు.

డిసెంబరు వచ్చింది. ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చేసరికి సానరాయి మీద ఉలి నూరుతున్న చప్పుడు. పక్కన తారు డబ్బా. పుచ్చిన చోటల్లా మంచి కర్ర తగిలేదాకా గాటు అంచుల్ని చెక్కేసి, లోపల తారు పోసి, సిమెంటుతో మూసెయ్యాలని ఆయన ఆలోచన. "పుచ్చు పన్నుకి డాక్టరు సేస్తాడు కాదేటి, అలగే" అన్నాడు.

"నాన్నా, అక్కడ ఆకు కూడా ముట్టుకోకూడదు. దీదీ ఉద్యోగానికి ఎసరొస్తుంది."

"నాను ముట్టుకున్నాను కాబట్టే ఇలగైపోనాది. నానే బాగుసెయ్యాల. నువ్వు రాకపోతే ఆటో కట్టించుకుని ఎల్తాను. ఏటి గట్టంట నడిసి ఎనకనుంచి ఎల్తాను."

"అప్పుడు గొడ్డలి పట్టుకెళ్లావు, ఇప్పుడు ఉలి పట్టుకెళ్తావా?" అన్నాను.

నా నోటికి ఆ దుర్గుణం ఉంది. అనేశాక తెలుస్తుంది. నాన్న ఉలి రాయి మీద పెట్టి, తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "అది బతకాలమ్మా" అన్నాడు. "నానున్నంత కాలం అని కాదు. నాను పోయినాక కూడా."

వంటింట్లోకెళ్లి ఏడ్చాను. ఏడ్చి, ఆయన్ని శనివారం తీసుకెళ్దామని నిర్ణయించుకున్నాను. ఒక్కడే వెళ్తే ఆ కంటితో గట్టు మీంచి నీళ్లలో పడతాడు. దీదీకి చెప్పకుండా వెళ్దాం అని కూడా అనుకున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అన్నేళ్లు మమ్మల్ని నమ్మి లోపలికి రానిచ్చిన మనిషిని మోసం చెయ్యడానికి సిద్ధపడ్డాను.

శుక్రవారం సాయంత్రం అమ్మ బీరువా మీంచి పరుపు దించమంది. క్రిస్మస్‌కి విశాఖ నుంచి మావయ్యా వాళ్లు వస్తున్నారు. క్వార్టరు ఖాళీ చేసినప్పుడు చుట్టగా చుట్టి తాడుతో కట్టిన పరుపు, వేసవి నుంచీ అలాగే ఉంది. స్టూలెక్కి లాగాను, దుమ్ముతో సహా నా మీద పడింది. కత్తెర తెస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. కింద చతికిలబడి ఒక్కొక్క ముడే గోరుతో విప్పింది.

"దీన్ని కొయ్యకు. మైనం రాసింది. నిరుడు మీ నాన్న తెచ్చిందే."

నేను దుమ్ము దులుపుకుంటున్నదాన్ని ఆగిపోయాను. "నిరుటిదా? ఏమీ కొయ్యలేదు కదా?"

"నాను తాడు కోస్తానేటి?"

ఈ ఏటి పురికొస వంటింట్లో మేకుకి వేలాడుతోంది. తెచ్చాను. రెండిటి కొసలూ బీరువా కాలి కింద నొక్కి, గచ్చు మీద పక్కపక్కనే పరుచుకుంటూ వెళ్లాను. నిరుటిది గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఈ ఏటిది ఇంకా ఉంది. బొటనవేలి వెడల్పంత ఉంది. ముడుల దగ్గర వంకరలు పోయేలా పాతదాన్ని మళ్లీ బిగలాగి చూశాను. అయినా ఉంది.

అమ్మకి నాకంటే ముందు అర్థమైంది. "ఏ స్కేలుతో కొలిసినావే?" అంది. తెచ్చి చూపించాను. అమ్మ స్కేలు చూసింది, బీరువా చూసింది, నన్ను చూసింది. ఆ స్కేలుతోనే నెత్తి మీద ఒకటి వేసింది. "సల్లారినాక సరిపోయే కొలత తీసినావు కదే! ఆ తండ్రికి తగ్గ కూతురివే నువ్వు!" అని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

నాన్నని పిలిచాం. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లతో చూడకుండా వేళ్లతో చూశాడు. ఎడమ చెయ్యి పాత పురికొస మీద, కుడి చెయ్యి కొత్త దాని మీద పెట్టి, బీరువా కాలి నుంచి గుమ్మం దాకా పాక్కుంటూ వెళ్లాడు. ఎడమ చెయ్యి కొసకొచ్చి ఆగింది. కుడి చెయ్యి ఇంకొంచెం వెళ్లింది. వెనక్కొచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. మూడోసారి అయ్యాక, "స్కేలేది?" అని అడిగాడు. రెండు నెలల్లో ఆ మాట అడగడం అదే మొదలు. దాని కొస మీద అరిగిపోయిన అక్షరాల్ని బొటనవేలితో రుద్ది, "షాపుది" అన్నాడు. మీటరు పెద్దదైతే అంకె చిన్నదవుతుంది, దాని మూడు మీటర్లంటే నిజానికి మూడు మీటర్ల ఆరు సెంటీమీటర్లు.

"నేనే తప్పు కొలిచాను నాన్నా. నన్ను తిట్టు."

"సదువుకున్నదానివి. నువ్వు తప్పు కొలుస్తావని నానెందుకనుకుంటాను?" అన్నాడు.

తిట్టినా బాగుండేది. రెండు నెలలపాటు ఆ చెట్టుని తనే చంపేశాననుకున్నాడు గానీ, కూతురు స్కేలు తప్పు చూసి ఉంటుందని ఒక్క క్షణం అనుకోలేదు. ఆయన భుజం పట్టుకుని గట్టిగా ఏడ్చేశాను. "ఊరుకో, ఊరుకో, పెరిగింది కదా" అని ఆయనే నన్ను ఓదార్చాడు.

అయినా శనివారం వెళ్లాం. దీదీకి ఫోన్ చేసే వెళ్లాం. ఉలి సంచిలో లేదు, నేను చూసుకున్నాను. అడవి మొదట్లోనే దీదీకి అంతా చెప్పేశాను, దొంగతనంగా రావాలనుకున్న సంగతి కూడా. ఆమె నాన్న చెయ్యి పట్టుకుని ముందు నడిచింది.

చెట్టు దగ్గరికెళ్లాక నాన్న ఎప్పుడూ నిలబడే చోట ఆగలేదు. "ఆ పక్కకి ఎల్దాం" అన్నాడు. వేళ్లు మెట్లలా నీళ్లలోకి దిగి ఉన్నాయి. ముందు దీదీ, వెనక నేను, ఆయన్ని మధ్యలో పెట్టుకుని ఒక్కొక్క వేరూ దాటించాం. గాటు ముందు నిలబెట్టాం. నేను ఏటా చూస్తున్నదే, కానీ మొదట్లో ఎలా ఉండేదో నాకు తెలీదు. చెట్టులో రెండు లావుపాటి పెదాలు బిగించినట్టు ఉంటుంది, అంతే.

నాన్న చెయ్యి చాచి తడిమాడు. గాటు అంచుల వెంట గుండ్రంగా, నున్నగా ఉబ్బిన బెరడుని కింద నుంచి పైదాకా తడిమాడు. అది కొత్తగా పట్టిన బెరడనీ, చెట్టు తన దెబ్బని తనే అలా మూసుకుంటుందనీ దీదీ చెప్పింది. "దీన్నే సెక్కేద్దుననుకున్నాను" అన్నాడు నాన్న. తర్వాత చెయ్యి లోపల పెట్టబోయాడు. అప్పుడు మణికట్టు దాకా వెళ్లిన చెయ్యి అది. నాలుగు వేళ్లు కలిపి చూశాడు, పట్టలేదు. మూడు వేళ్లు పట్టలేదు. రెండు వేళ్లు గోళ్ల దాకా వెళ్లి ఆగిపోయాయి.

ఆ రెండు వేళ్లూ అక్కడే ఉంచి చాలాసేపు నిలబడ్డాడు. "మూసేసుకుంటన్నాది, సూడమ్మా" అన్నాడు.

"చూశాను నాన్నా. కొలుద్దామా? పురికొస తెచ్చాను."

"ఒగ్గేయ్" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కుమ్హారి దాటగానే పాఠం మొదలైంది. హారను కొట్టమ్మా, లారీ ఎనకాల ఎల్లకు, ఎడమ పక్కకి తియ్యి, అంత జోరేటి. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాడు. నేను ఒక్కసారి కూడా బండి ఆపలేదు.